నాగయ్య పెట్టిన నీలం

మా ఫ్యాక్టరీలో ఆ రోజు జరిగినదాన్ని ఇప్పటికి నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. నాలుగూ తప్పే. నీలం డబ్బా నాగయ్య చేతిలో పెట్టింది నేను కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పే బాధ్యత కూడా నా మీదే పడింది.

నా పేరు కౌసల్య. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో బైకులకు పెట్రోలు ట్యాంకులు తయారుచేసే ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. బోల్టు నుంచి బాత్రూం సబ్బు దాకా ఎవరికి ఏం కావాలన్నా చీటీ పట్టుకుని నా కిటికీ దగ్గరికి రావాల్సిందే. పదహారేళ్లుగా ఆ కిటికీలోంచే మనుషుల్ని చూస్తున్నాను. చీటీలో ఒకటి రాసుకొచ్చి, నోటితో ఇంకొకటి అడిగి, చేతికి మూడోది తగిలితే పట్టుకుపోయేవాళ్లే ఎక్కువ. నాగయ్య అలాంటివాడు కాదు. రెండు బ్రష్షులు రాస్తే రెండే తీసుకునేవాడు. పాతవి వెనక్కి తెచ్చిచ్చేవాడు, అదీ కడిగి.

నాగయ్యది కర్దనూర్. వయసు యాభై ఏడు. పెయింట్ షాపులో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ట్యాంకుకు రంగు వేసేది మిషనే. మిషన్ వేసిన రంగులో ఎక్కడైనా గీత తెగితే, పొక్కు లేస్తే, దాన్ని సన్న బ్రష్షుతో సరిచేయడం నాగయ్య పని. ట్యాంకు ఎటు చూసినా వంపే. ఆ వంపు మీద గీత వంకరపోకుండా లాగడం మా ఇంజనీర్లలో ఒక్కరికీ చేతకాదు. నాగయ్య ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగి వదిలేవాడు.

"ఇంత తిన్నగా ఎట్ల వస్తది కాకా?" అని ఒకసారి అడిగాను.

"ట్యాంకి కదలదు గద మేడం. మనిషి మొహమైతే కదులుతది, నవ్వుతది, తుమ్ముతది. దాని మీద గీసినోనికి ఇదెంత?" అన్నాడు.

గేటు లోపల నన్ను మేడం అనేవాడు. గేటు దాటితే బిడ్డా అనేవాడు. ఆ రెండింటినీ ఎన్నడూ కలపలేదు.

మనిషి మొహం మీద గీయడం అతని అసలు విద్య. కర్దనూర్‌లో ఒకప్పుడు భాగోతం ఆడేవాళ్లు. వేషాలు కట్టేది వేరేవాళ్లు. మొహాలకు రంగు పెట్టేది నాగయ్య తండ్రి, ఆయన తర్వాత నాగయ్య. అర్దళం అనే పచ్చటి పొడిని రాతి మీద నూరి మొహమంతా పట్టించడం, దాని మీద తెల్ల సఫేదాతో చుక్కలు, ఇంగిలీకంతో ఎర్రగీతలు, దీపం మసితో కనుబొమ్మలు. పన్నెండేళ్ల వయసు నుంచి నాగయ్య చేతికి అదే పని. తండ్రి అతనికి రెండే రెండు సూత్రాలు నేర్పాడట.

మొదటిది రంగుల వరస. నీలం దేవునికి, ఎరుపు రాక్షసునికి, పసుపు మనలాంటివాళ్లకు. ఇందులో వాదనకు తావులేదు. కృష్ణుడికి ఎరుపు పెడితే జనం లేచిపోతారు.

రెండోది, రంగులో అన్న మాట రంగుతోనే పోతుంది. అంటే, మొహానికి రంగు పడ్డాక ఆ మనిషి ఆ మనిషి కాదు. పేరు పెట్టి పిలవకూడదు. అతను ఏమన్నా పట్టించుకోకూడదు. ఆ ఊళ్లో నర్సింగ్ పటేల్ అని పెద్ద రైతు ఉండేవాడు. ఏటా హిరణ్యకశిపుడి వేషం ఆయనదే. ఆట అయ్యాక కిరీటం ఒత్తుకుందనో, తాడు బిగిసిందనో నాగయ్య తండ్రి మీద ఇంతెత్తున లేచేవాడట. "రేపటి సంది నీ మొహం నాకు సూపెట్టకు, ఊర్లెకెల్లి ఎల్లగొడుత" అని అరిచేవాడట. నాగయ్య తండ్రి మారు మాట్లాడకుండా నూనె గుడ్డతో రంగు దించేవాడు. మొత్తం దించాక, "ఇగ ఇప్పుడు చెప్పు పటేలా" అనేవాడు. నర్సింగ్ పటేల్ చుట్టూ చూసి, "ఏం చెప్పాలె? ఆకలైతుంది" అనేవాడు. ఏటా ఇదే తంతు. నాగయ్య ఈ కథ నాకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ నవ్వేవాడు.

తర్వాత నర్సింగ్ పటేల్ పోయాడు. ఆయన పొలంలో గోడౌన్ లేచింది. హిరణ్యకశిపుడి కొడుకు వేషం వేసేవాడు ఆ గోడౌన్‌లోనే వాచ్‌మన్‌గా చేరాడు. భాగోతం ఆగిపోయింది. బొంతపల్లి జాతరలో ఎవరైనా పిలిస్తే తప్ప నాగయ్య రంగుల పెట్టె అటక దిగేది కాదు.

ఇక త్రినాథరావు. మా హెచ్.ఆర్. మేనేజరు. కాకినాడ వైపు మనిషి. ఆయన చెడ్డవాడని నేననను. అనకుండానే ఈ కథ చెప్పగలను.

ఆ ఏడు ఆయన ఒక లిస్టు తయారుచేశాడు. యాభై అయిదు దాటిన కాంట్రాక్టు వాళ్లకు గడువు తీరగానే గేటు పాసు మళ్లీ ఇవ్వొద్దని. ఆ నెలలోనే అయిదుగురు పోయారు. పోయేవాళ్లు షూలు, హెల్మెట్ నా కిటికీలోనే అప్పజెప్పి పోవాలి. అయిదుగురివీ నేనే తీసుకున్నాను. ఒకాయన షూలలో ఉతికిన సాక్సులు కూడా మడిచిపెట్టి ఇచ్చాడు. సాక్సులు కంపెనీవి కావు, తీసుకెళ్లమంటే, "ఇంటికాడ ఏం జేసుకోను మేడం" అన్నాడు. ఆ వారం నాకు అన్నం సయించలేదు.

నాగయ్య పాసు నెలాఖరు దాకా ఉంది. అతని భార్య పోశమ్మకు మోకాలి ఆపరేషన్ వచ్చే నెల పన్నెండున. ఈఎస్ఐ కార్డు మీద ఎనిమిది నెలలు తిరిగితే దొరికిన తారీఖు అది. పాసు పోతే కార్డు కూడా పోతుందని షాపులో అందరూ చెప్పారు. నాగయ్య భయమల్లా అదే. ఉద్యోగం గురించి అతను పెద్దగా మాట్లాడలేదు. "పన్నెండో తారీఖు దాటాలె మేడం" అని మాత్రం నాలుగైదుసార్లు అన్నాడు.

అలాంటి సమయంలో జపాను వాళ్లు వస్తున్నారన్నారు. మా కంపెనీలో వాళ్లది సగం వాటా. ఆ వాటా తీసుకుని పదేళ్లయింది కాబట్టి ముగ్గురు పెద్దలు వస్తారు, ఫంక్షన్ చేయాలి. మామూలుగా అయితే కోలాటం పెట్టి శాలువాలు కప్పి పంపేవాళ్లం. త్రినాథరావుకు అంతకంటే పెద్ద ఆలోచన వచ్చింది. జపానులో కబుకి అనే పాత నాటకం ఉందట. మన భాగోతం లాంటిదే. ఆడవేషాలు కూడా మగవాళ్లే వేస్తారు, పొద్దంతా ఆడతారు. మొహానికి సున్నం కొట్టినట్టు తెల్లరంగు పూసి, దాని మీద నరాలు పొంగినట్టు లావు లావు గీతలు గీస్తారు. ఆ నాటకంలోంచి ఒక ముక్క మనమే ఆడి చూపిస్తే వాళ్లు పొంగిపోతారని ఆయన లెక్క. వీరుడి వేషం ఎవరు వేయాలనే ప్రశ్న వచ్చింది. ఆయనే అడిగాడు, ఆయనే చెప్పాడు. కాలేజీ రోజుల్లో నాటకాలు వేశాడట.

నాగయ్యను ఆఫీసుకు పిలిపించాడు. నేను ఏదో సంతకానికి అక్కడే ఉన్నాను.

"ఏమయ్యా నాగయ్యా, నువ్వు మొహాలకు రంగులు వేస్తావటగా?"

"ఏసేటోన్ని సార్."

"ఇదిగో, ఇలా వెయ్యాలి నాకు." ఒక కాగితం ఇచ్చాడు. కబుకి వీరుడి మొహం బొమ్మ. నలుపు తెలుపులో ఉంది. ఆఫీసు ప్రింటరులో రంగు అయిపోయి మూడు నెలలైంది. తెప్పించొద్దని నాకు మెయిల్ పెట్టింది కూడా త్రినాథరావే.

"బాగా కుదిరిందనుకో, నీ పాసు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

నాగయ్య ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు.

మర్నాడు నా కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతిలో త్రినాథరావు సంతకంతో చీటీ. తెలుపు ఒకటి, నలుపు ఒకటి, ఎరుపు ఒకటి. చీటీ ఇచ్చాక మామూలుగా పక్కకు జరిగి నిలబడతాడు. ఆ రోజు జరగలేదు.

"మేడం, ఒక్క మాట. సారు కట్టేది ఏం వేషం?"

"హీరో అంట కాకా. బలవంతుడు. ధర్మం కోసం కొట్లాడేటోడు."

"మరి ఎరుపు రాసిండేంది?"

నేనూ చీటీ చూశాను. ఎరుపే ఉంది.

"రాక్షసునికి పెట్టే రంగు సారుకెట్ల పెడుత మేడం? గంతమంది ముందర, అండ్ల పరదేశపోళ్ల ముందర. సారుకు తెల్వక రాసిండు. తెలిసి గూడ పెడితే పాపం మనది."

నా చేతిలో ఫోన్ ఉంది. అరనిమిషం వెతికి ఉంటే జపానులో ఏ రంగు ఎవరికో తెలిసిపోయేది. వెతకలేదు. చిన్నప్పుడు మా ఊళ్లోనూ భాగోతం చూసిందాన్నే. ఎరుపు రాక్షసుడికని నాకు తెలుసు. తెలిసినదాన్ని ఎవరైనా వెతుకుతారా? పోయినేడు ఫ్యామిలీ డేకు పిల్లల కృష్ణ వేషాల కోసం తెప్పించిన నీలం డబ్బా బీరువాలో ఉంది. ఎర్రది లోపల పెట్టి నీలం ఇచ్చాను. పదహారేళ్లలో చీటీకి వ్యతిరేకంగా నేను ఇచ్చిన వస్తువు అదొక్కటే.

ఫంక్షన్ రోజు మధ్యాహ్నం ట్రైనింగ్ రూములో త్రినాథరావును కుర్చీలో కూర్చోబెట్టాడు నాగయ్య. అద్దం బయట పెట్టించాడు. వేషం పూర్తయ్యేదాకా కట్టినవాడు చూసుకోకూడదట. మొదట ఆ మొహానికి దండం పెట్టాడు. త్రినాథరావు తనకే అనుకుని తల ఊపాడు. కొబ్బరినూనెలో మైనం కరిగించి పట్టించి, దాని మీద తెల్లరంగు అద్ది, బొమ్మ కాగితం ఒక్కసారి చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంక దాని వంక చూడలేదు. కనుబొమ్మల మధ్య నుంచి నుదుటి మీదికి రెండు గీతలు, ముక్కు పక్క నుంచి చెంపల మీదికి రెండు, గడ్డం కింద ఒకటి. గీత లాగడం, దాని ఒక అంచును వేలితో మెల్లగా చెరిపి నీడలా చేయడం. ఆ వేళ్లు ట్యాంకు మీద పనిచేసినప్పటి కంటే నిదానంగా కదిలాయి. నేను టవళ్లు అందిస్తూ పక్కనే ఉన్నాను. చూస్తుంటే మొహంలో మొహం లేస్తున్నట్టుంది. ఇంత పనితనం మూడు పూటలా పెట్రోలు ట్యాంకుల మీద గీతలు సవరిస్తూ గడిచిపోయిందే అనిపించి బాధేసింది.

మధ్యలో త్రినాథరావు ఒక కన్ను తెరిచి నాగయ్య వేలు చూశాడు.

"ఎరుపు కదయ్యా రాశాను?"

"ఎరుపు తక్కువోళ్లకు సార్. ఇది దేవుని రంగు. రాముడు, కిష్ణుడు."

త్రినాథరావు కాసేపు ఆలోచించాడు.

"దేవుడి రంగా? సరే. కొంచెం ముదురుగా వెయ్యి."

నాగయ్య ముదురుగా వేశాడు. పూర్తయ్యాక రెండడుగులు వెనక్కి వేసి, చేతులు జోడించి, "లెవ్వుండ్రి స్వామీ" అన్నాడు. అప్పటి నుంచి ఇక సార్ అనలేదు.

నాటకం ఎనిమిది నిమిషాలు. ఒక దుర్మార్గుడైన ప్రభువు జనాన్ని బంధించి ఏడిపిస్తుంటాడు. వీరుడు వచ్చి వాణ్ని చంపి జనాన్ని విడిపిస్తాడు. ప్రభువు వేషం షిఫ్ట్ సూపర్‌వైజర్ వీర్రాజుది. రంగు పడితే దురద పెడుతుందని అతను మొహానికి పౌడరు కూడా రాసుకోలేదు. పైగా వీర్రాజు షాపులో అందరికీ ఇష్టమైన మనిషి. ఎంత కళ్లెర్ర చేసినా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటాడు.

ముందు వరసలో ముగ్గురు జపాను పెద్దలు. అందరిలోకీ పెద్దాయన మోరితా. డెబ్బై ఉంటాయి. పొద్దున గేటు దగ్గర కారు దిగినప్పటి నుంచి ఆయన నవ్వింది లేదు, విసుక్కున్నది లేదు. ఆయన పక్కన అనువాదానికి హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి. క్యాంటీన్ తెరలతో కుట్టిన అంగీ వేసుకుని త్రినాథరావు స్టేజీ మీదికి వచ్చి, కాలు ముందుకు చాపి, మెడ ఒక చుట్టు తిప్పి, కళ్లు అడ్డంగా పెట్టి నిలిచాడు. ముగ్గురూ కుర్చీల్లో నిటారుగా లేచి కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. త్రినాథరావుకు అది చూసి హుషారొచ్చింది. రిహార్సల్లో రెండు దెబ్బలకు చావాల్సిన వీర్రాజును ఆరు కొట్టి చంపాడు. శవం మీద కాలు పెట్టి మళ్లీ మెడ తిప్పాడు.

చప్పట్లు కొట్టారు. మోరితా లేచి మైకు దగ్గరికి వెళ్లి చాలాసేపు మాట్లాడాడు. అమ్మాయి పుస్తకంలో రాసుకుని తెలుగులో చెప్పింది. ఆమె నేర్చుకుంది అనువాదం. కప్పిపుచ్చడం ఎవరూ నేర్పినట్టు లేదు.

"మోరితా గారు చాలా ఆశ్చర్యపోయారు. కబుకిలో మంచి వీరుడికి ఎర్రగీతలు గీస్తారు. నీలం గీతలు అధికారం కోసం జనాన్ని పీడించే దుర్మార్గపు ప్రభువుకు గీస్తారు. ఈ నాటకంలో ఆ దుర్మార్గుడు ఒక అమాయకుణ్ని చంపి గెలిచాడు. ఇలాంటి కథ ఆయన ఇంతవరకు చూడలేదట. ఒక మేనేజరు తనంతట తానే ఈ వేషం వేసుకుని తన పనివాళ్ల ముందు నిలబడటం గొప్ప వినయమట. తమ దేశంలో ఏ మేనేజరుకూ ఇంత ధైర్యం లేదంటున్నారు."

డిస్పాచ్ వాళ్ల వైపు నుంచి ఒక ఈల లేచింది. ఆ తర్వాత రేకుల కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. క్యాంటీన్ పుష్పమ్మ గరిటె కింద పడేసి మరీ చప్పట్లు కొట్టింది. చచ్చిపడున్న వీర్రాజు కూడా లేచి కూర్చుని కొట్టాడు. త్రినాథరావు మొహంలో ఏముందో తెల్లరంగు కింద కనిపించలేదు. చెవులకు మాత్రం రంగు పూయలేదు కాబట్టి అవి ఎర్రబడటం అందరం చూశాం.

ఈ గీతలు గీసింది ఎవరని మోరితా అడిగాడు. నాగయ్యను ముందుకు తోశారు. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ స్టేజీ ఎక్కాడు. నీలం ఎందుకు పెట్టావని అడిగారు.

"మా దిక్కు నీలం దేవునిది. ఎరుపు రాక్షసునిది. సారు పెద్దమనిషి, ఎరుపు పెట్ట మనసొప్పలేదు. మర్యాదకే పెట్టిన" అన్నాడు నాగయ్య.

మోరితా విన్నాడు. ఇంకోసారి చెప్పించుకుని విన్నాడు. నడుం వంచి నాగయ్యకు దండం పెట్టాడు. నాగయ్య కంగారుపడి ఇంకా కిందికి వంగాడు. ఇద్దరూ కాసేపు అలాగే ఉండిపోయారు.

"మా చెడ్డవాడి రంగు మీ దేవుడిది. ఏది ఒప్పో నాకు తెలియదు. గీత మాత్రం ఒప్పు అంటున్నారు" అని చెప్పింది అమ్మాయి.

తర్వాత మోరితా సంచిలోంచి రెండు తెల్ల నూలు గుడ్డలు తీశాడు. అక్కడ ఆట అయ్యాక నటుడి మొహం మీద గుడ్డ అద్ది, ఆ అచ్చు దాచుకుంటారట. త్రినాథరావును కదలొద్దని చెప్పి, రెండు గుడ్డలూ ఒకదాని తర్వాత ఒకటి ఆయన మొహానికి ఒత్తి తీశాడు. గుడ్డ మీద నీలం గీతలు, నల్ల కనుబొమ్మలు, తెరిచిన నోరు ఉన్నవి ఉన్నట్టు పడ్డాయి. మొదటిది తను ఉంచుకుని, రెండోది రెండు చేతులతో నాగయ్యకు ఇచ్చాడు.

స్టేజీ నుంచి ట్రైనింగ్ రూముకు యాభై అడుగులు. ఆ యాభై అడుగుల్లో కనీసం పాతికమంది నాగయ్య భుజం తట్టారు. "మస్తు జేసినవ్ కాకా, సరిగ్గ సరిపోయింది" అన్నారు. లిస్టులో పోయిన అయిదుగురి పగ తీర్చాడన్నారు. నాగయ్య ఒక్కొక్కరినీ ఆపి, "కాదుర, తెల్వక అయ్యింది, సారు మంచికే పెట్టిన" అని చెప్పాడు. అలా చెప్పినందుకు ఇంకా మెచ్చుకున్నారు.

రూములో త్రినాథరావు, నాగయ్య, టవళ్లతో నేను. తలుపు మూయగానే ఆయన మొదలుపెట్టాడు.

"నన్ను వెధవను చేస్తావా? జపాను వాళ్ల ముందు నా పరువు తీస్తావా? రేపటి నుంచి నువ్వు గేటు లోపలికి రావద్దు! నీ పాసు ఇవాళ్టితో సరి!"

నాకు పన్నెండో తారీఖు గుర్తొచ్చింది. నాగయ్య వైపు చూస్తే అతని మొహంలో భయం లేదు సరికదా, కొంచెం నవ్వు కూడా ఉంది. ఎక్కడో విన్న పాట మళ్లీ వింటున్నవాడిలా ఉన్నాడు.

"అట్లనే స్వామీ. జెర కూసోండ్రి, రంగు దించుత."

"నేను చెప్పింది వినబడిందా?"

"రంగుల మాట రంగుతోటే పోతది స్వామీ. దిగినంక చెప్పుండ్రి."

త్రినాథరావుకు అర్థం కాలేదు. కానీ ఆ రంగుతో ఇంటికి పోలేడు కాబట్టి కూర్చున్నాడు. నాగయ్య నూనెలో ముంచిన గుడ్డతో ముందు కళ్ల చుట్టూ తుడిచాడు. తర్వాత నుదురు. తర్వాత చెంపలు. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా రాపిడి లేదు. పసిపిల్లకు నీళ్లు పోసేవాడిలా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి తుడిచాడు. నీలం పోయింది, నలుపు పోయింది, తెలుపు పోయింది. కింద యాభై ఏళ్ల మామూలు మనిషి మొహం బయటపడింది. ముక్కుకు రెండు పక్కలా కళ్లజోడు ఒత్తిన గుంటలు. అలసిపోయి ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు కూడా ఆయన మీద జాలేసింది.

నాగయ్య తడి టవలుతో ఒకసారి తుడిచి, కళ్లజోడు అందించి, ఎదురుగా నిలబడ్డాడు.

"ఇగ ఇప్పుడు చెప్పుండ్రి సార్."

మళ్లీ సార్ అన్నాడు. అప్పుడు నాకర్థమైంది, అతను ఆ సూత్రాన్ని నిజంగానే నమ్మాడని. నేను కూడా నమ్మాను. నర్సింగ్ పటేల్ గుర్తొచ్చాడు. ఆకలిగా ఉందను, ఇంకేమీ వద్దు, ఆ ఒక్క మాట అను అని లోపల లోపల మొక్కుకున్నాను.

త్రినాథరావు కళ్లజోడు పెట్టుకున్నాడు. ఫోన్ తీసి మెసేజీలు చూసుకున్నాడు. ఈసారి అరవలేదు. క్యాంటీన్‌లో టీ చెప్పినట్టు చెప్పాడు.

"చెప్పాను కదయ్యా. రేపటి నుంచి రావద్దు. పోయేటప్పుడు కార్డు సెక్యూరిటీకి ఇచ్చెయ్యి. కౌసల్యా, ఇతని షూలు, హెల్మెట్ లెక్క చూసుకో."

నాగయ్య అలాగే నిలబడి ఉన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూసినట్టున్నాడు. త్రినాథరావు లేచి వెళ్లిపోయాడు. నాగయ్య డబ్బాలకు మూతలు పెట్టాడు, బ్రష్షులు కడిగాడు, నీలం డబ్బా నాకు తిరిగిచ్చాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మర్నాడు పొద్దున నా కిటికీలో షూలు, హెల్మెట్ పెట్టాడు. షూలకు పాలిష్ చేసి ఉంది. తీసుకున్నానని సంతకం చేశాను.

ఈఎస్ఐ విషయం ఒకటి మాత్రం నేను పట్టుకుని తిరిగాను. అప్పటిదాకా జీతంలోంచి కోత పడిన కాలానికి కార్డు ఇంకొన్ని నెలలు నడుస్తుందని ఆఫీసులో కనుక్కుని, ఆ కాగితం తెచ్చి నాగయ్యకిచ్చాను. పన్నెండో తారీఖున పోశమ్మ ఆపరేషన్ అయింది. ఇప్పుడు కర్ర లేకుండానే నడుస్తోంది.

మోరితా తన గుడ్డకు ఫ్రేము కట్టించి అక్కడి హెడ్డాఫీసులో గోడకు పెట్టించాడట. కింద త్రినాథరావు పేరు రాయించి, దాని ఫోటో మా ఆఫీసుకు పంపాడు. ప్రింటు తీసి నోటీసు బోర్డులో పెట్టారు. ప్రింటరులో ఇప్పటికీ రంగు లేదు కాబట్టి అది వీరుడో దుర్మార్గుడో చూసేవాళ్లకు తెలియదు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం కర్దనూర్ వెళ్లాను. నాగయ్య అమీన్‌పూర్‌లో కొత్త అపార్టుమెంట్ల గోడల మీద నంబర్లు, పేర్లు రాస్తున్నాడు. ఇంటి గుమ్మం మీద రెండో గుడ్డ వేలాడుతోంది. పక్కన గుమ్మడికాయ, నిమ్మకాయలు, మిరపకాయలు. దిష్టికి బాగా పనిచేస్తోందని పోశమ్మ చెప్పింది. అది కట్టినప్పటి నుంచి పక్కింటావిడ ఇంట్లోకి తొంగిచూడటం మానేసిందట.

టీ తాగుతుండగా పెయింట్ షాపు వాళ్లు ఇద్దరు వచ్చారు. గుమ్మం ముందు నిలబడి ఆ గుడ్డకు ఫోటో తీసుకున్నారు. "కావాల్ననే జేసినవ్ గద కాకా?" అని ఒకడు అడిగాడు. తెల్వక అయ్యిందిరా అని నాగయ్య మామూలుగా చెప్పే మాట కోసం చూశాను. చెప్పలేదు. టీ తాగమన్నాడు.

వాళ్లు వెళ్లాక నేనే అడిగాను. "ఆ దినం అందరిని ఆపి మరీ తెల్వక అయ్యిందని చెప్పినవ్ గద కాకా. ఇప్పుడు ఎందుకు చెప్తలేవు?"

నాగయ్య గుమ్మం మీదున్న మొహం వంక చూశాడు. గాలికి గుడ్డ కదులుతోంది, గీత మాత్రం ఎక్కడా చెదరలేదు.

"గీసేటప్పుడు తెల్వదు బిడ్డా" అన్నాడు. "తుడిచినంక తెలిసింది."